స్కీల మీద ప్రార్థన

జనవరి 11, శనివారం

ఇవాళ నేనూ షాలేమూ స్కీల షాపుకి వెళ్లాం.

పెళ్లి కానుకగా నగ వద్దు, మంచు మీద జారే స్కీలు కొనివ్వమని నేనే అడిగాను. ఎంఎస్‌లో ఉండగా యూనివర్సిటీ బస్సెక్కి మొదటిసారి పోకోనోస్ కొండలకి వెళ్లిన రోజు నుంచి అద్దె స్కీలే. ఎవరెవరో తొక్కి, రాళ్ల మీద గీరుకుపోయి, అంచులు మొద్దుబారిపోయినవి. నావంటూ ఒక జత కావాలి. అడగ్గానే షాలేం నవ్వి, చేతిలో చెయ్యి వేశాడు. అలాంటప్పుడు బాగుంటాడు.

షాపులో ఉన్న అమ్మాయికి నీలం జుట్టు. నన్నే చూస్తూ, ఎక్కువగా ఎలాంటి చోట చేస్తావని అడిగింది. నేను నోరు తెరిచేలోపే షాలేం అందుకున్నాడు. "ఎవ్రీవేర్. షీ ఈజ్ రెడీ ఫర్ ఎనీథింగ్."

ఆ అమ్మాయి ఇంకా నావైపే చూస్తోంది. నేను నవ్వాను.

తర్వాత చెప్పాననుకో. నాకు కావలసింది రాత్రి యంత్రంతో దువ్వి చదును చేసిన వాలు. పొద్దున్నే కొండ పైకి తీసుకెళ్లే మొదటి లిఫ్ట్‌లో ఎక్కితే మంచు మీద దువ్వెన పళ్ల గీతలు ఇంకా చెరగకుండా ఉంటాయి. వాటిని కోసుకుంటూ దిగాలి. మళ్లీ లిఫ్ట్ ఎక్కుతూ, నా రెండు గీతలు ఎక్కడ వంపు తిరిగాయో పైనుంచి చూసుకోవాలి. నాకంతే కావాలి. ఆ పనికి సన్నటి స్కీలు సరిపోతాయి. వాటి నడుము, అంటే పాదం కింద వెడల్పు, డెబ్బై నాలుగు మిల్లీమీటర్లు. ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదికి చటుక్కున ఒరుగుతాయి. న్యూజెర్సీ నుంచి మనం వెళ్లగలిగే కొండలన్నీ సగం గాజు, సగం మంచు. అక్కడ పట్టు దొరకాలంటే అవే.

షాలేం చూపించినవి నూట ఆరు. తెడ్లలా ఉన్నాయి.

"ఇవి మోకాలి లోతు పౌడర్‌లో కూడా తేలుతాయి, పర్సీ."

మోకాలి లోతు పిండిమంచు మనకెక్కడిదని అడిగాను. "థింక్ బిగ్" అన్నాడు. ఏమీ కొనకుండా వచ్చేశాం.

జనవరి 13

రేణుకి చెప్పాను. నా రూమ్మేట్, కరీంనగర్ పిల్ల, స్కీలంటే ఏంటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. గిన్నెలు కడుగుతూ అంతా విని, తలెత్తకుండా అంది: "కాళ్లు నీవి. ఆయనెందుకు జవాబు చెప్తడే?"

ప్రేమ అలాగే ఉంటుందన్నాను. మళ్లీ గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

జనవరి 16

ఆఫీసులో రోజంతా పని. మా ఉబ్బసం మందు ట్రయల్ డేటా జూన్‌లో తెరుస్తారు. ఏ పిల్లాడికి మందు పడిందో, ఏ పిల్లాడికి వట్టి మాత్ర పడిందో అప్పటిదాకా లెక్కలు కట్టే నాకు కూడా తెలియదు. మూడేళ్లుగా ఆ జూన్ కోసమే బతుకుతున్నాను. అమ్మకి చెబితే నవ్వుతుంది. పెళ్లి కోసం ఎదురుచూడాల్సిన పిల్ల మాత్రల కోసం ఎదురుచూస్తోందని.

పెళ్లి ఫిబ్రవరి 22. ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాలు మొదలయ్యేలోపే అయిపోవాలని షాలేం పెద్దమ్మ దీనమ్మ ఆంటీ పట్టు.

జనవరి 19, ఆదివారం

ఇవాళ చర్చిలో మా పేర్లు మొదటిసారి చదివారు. మూడు ఆదివారాలు చదవాలి. ఫలానా వారికి, ఫలానా వారికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టర్ రత్నరాజు అయ్యగారు అడుగుతారు. ఎవరూ చెప్పరు.

చదివేటప్పుడు పెళ్లికూతురూ పెళ్లికొడుకూ చర్చిలో ఉండకూడదంటారు దీనమ్మ ఆంటీ. ఈ సంబంధం కుదిర్చింది కూడా ఆవిడే. బైబిల్లో ఎక్కడుందో చూపించమంటే "మా అత్తగారు చెప్పారు" అంటారు, దాని తర్వాత ఇంకేముంటుంది. అందుకని మూడు ఆదివారాలు మాకు సెలవు. ఇద్దరం పొద్దున్నే కొండకి బయల్దేరాం. అక్కడ డెమో డే. స్కీల కంపెనీలు డేరాలు వేసుకుని, ఎవరికి కావలసిన జత వాళ్లకిచ్చి, ఒకసారి దిగి రమ్మంటాయి.

ముందు నూట ఆరు వేసుకున్నాను. గట్టి మంచు మీద అవి అంచు మీదికి ఒరగడానికి ఎంతసేపో ఆలోచిస్తాయి. నేను తిరగమన్నాక చాలాసేపటికి తిరిగాయి. మలుపు మలుపుకీ మోకాలి లోపలి పక్క సలుపు. గాజులా గడ్డకట్టిన చోట పక్కకి కొట్టుకుపోయాను. షాలేం కింద నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తూ "గుడ్, గుడ్" అంటున్నాడు.

తర్వాత డెబ్బై నాలుగు. ఏం రాయను. మొదటి వంపులోనే పాదం కింద ఒక గాడి దొరికింది. ఇంక వదల్లేదు. కిందికొచ్చేసరికి కళ్లలో నీళ్లు. గాలికి.

షాలేం కూడా దిగాడు. నిజం రాసుకోవాలంటే, గట్టి మంచు మీద అతను జారుతూ దిగుతాడు, కోయడు. దువ్విన వాలు బిగినర్స్‌కి అంటాడు. బిగినర్లా దిగేది అతనే.

లిఫ్ట్‌లో మళ్లీ అడిగాను. న్యూజెర్సీలో ఉంటూ నూట ఆరు ఎందుకు? ఇక్కడ పెద్ద మంచు పడే రోజులు ఎన్నని? ఏడాదికో జత కొనుక్కునేవాళ్లకి సరే, ఒక్కటే జత ఉన్నవాళ్లకి ఎందుకు?

కాసేపు చెట్లని చూశాడు. "ఎప్పుడైనా వెస్ట్‌కి వెళ్తే పనికొస్తాయి కదా" అన్నాడు.

హనీమూన్ ప్లాన్ చేస్తున్నాడేమో. సర్‌ప్రైజ్ అయ్యుంటుంది. ఇంక అడగలేదు, పాడుచెయ్యడం ఎందుకు.

సాయంత్రం దీనమ్మ ఆంటీ ఫోన్. అందరూ స్తోత్రాలు చెప్పారట. అభ్యంతరం ఎవరికీ లేదట.

జనవరి 22

హనీమూనే అయ్యుంటుంది.

జనవరి 23

హనీమూన్‌కైతే అక్కడే అద్దెకి తీసుకోవచ్చు కదా. ఒక్క వారం కోసం ఎవరూ స్కీలు కొనరు.

నేను లెక్కల మనిషిని. అన్నిట్లోనూ లెక్క వెతుకుతాను. అదొక జబ్బు.

జనవరి 25, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఐసెలిన్‌లో దీనమ్మ ఆంటీ ఇంట్లో ఇంటి ప్రార్థన. పదిహేనుమంది దాకా వచ్చారు. హాల్లో సోఫాలు గోడకి జరిపి దుప్పట్లు పరిచారు. పులిహోర, చికెన్ పకోడీ వాసన. నేను వెళ్లేసరికి టీపాయ్ మీద, బైబిల్ పక్కన, కొత్త స్కీలు. ఎర్ర రిబ్బన్ కట్టి.

చూడగానే తెలిసింది. కొలవక్కర్లేదు. నూట ఆరు.

షాలేం నా మొహంలోకి చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. "బాగున్నాయి" అన్నాను. చప్పట్లు కొట్టారు.

కొత్త వస్తువేదైనా ఆంటీ చెయ్యి పెట్టి ప్రార్థన చేయందే ఇంట్లో ఎవరూ వాడరు. కార్లకి చేస్తారు, కొత్త ఇళ్లకి చేస్తారు, ఒకసారి ఎవరి లాప్‌టాప్‌కో చేశారు. స్కీలకి ఇదే మొదలు. అందరం లేచి నిలబడి కళ్లు మూసుకున్నాం. ఆంటీ ఎడమచెయ్యి నా తల మీద, కుడిచెయ్యి స్కీల మీద. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే ఆగరు. మనసులో ఏది వస్తే అది దేవుడితో చెప్పేస్తారు, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు. అందరి జబ్బులూ, అందరి వీసాలూ ఆ ప్రార్థనల్లోనే నాకు తెలుస్తుంటాయి.

"స్తోత్రం తండ్రీ. ఈ వాహనాలను నీ చేతుల్లో పెడుతున్నాము." కార్లకి చెప్పీ చెప్పీ అలవాటు. ఎవరో పిల్లలు కిసుక్కుమన్నారు. "ఏప్రిల్లో ఈ బిడ్డలు ఆ యూటాలో కాపురం పెట్టేటప్పుడు నువ్వే ముందు నడువు ప్రభువా. అబ్బాయికి అక్కడిచ్చిన కొత్త ఉద్యోగాన్ని స్థిరపరచు. మా అమ్మాయి ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉన్నప్పుడు దానికి దిగులు రాకుండా చూడు తండ్రీ. అంతలేసి మంచుకొండల్లో వీళ్ల పాదం జారనివ్వకు..."

నేను కళ్లు తెరిచాను.

హాలు నిండా మూసిన కళ్లు. తెరిచినవి ఇంకో రెండే. షాలేంవి. నన్నే చూస్తున్నాయి. ఆశ్చర్యం లేదు వాటిలో. దొరికిపోయిన కళ్లు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి.

ఆంటీ ముగించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. చిన్నప్పటి అలవాటు, నోరు దానంతటదే అనేసింది.

పులిహోర కూడా తిన్నాను.

జనవరి 26, ఆదివారం

రెండోసారి చదివారు. నేను మంచం దిగలేదు.

జనవరి 28

షాలేంతో మాట్లాడాను. మా పార్కింగ్ లాట్‌లో, అతని కార్లో. ఇంట్లోకి రానన్నాడు, రేణు ఉంటుందని.

యూటా ఉద్యోగానికి అక్టోబరులోనే ఒప్పుకున్నాడట. నాకు ఉంగరం తొడిగింది నవంబరులో. జార్జియాలో, కమ్మింగ్‌లో ఉండే వాళ్ల అమ్మానాన్నలకి తెలుసు. దీనమ్మ ఆంటీకి తెలుసు. స్కీలకి కూడా తెలుసు, ఒక రకంగా.

చిన్నప్పుడే జార్జియా వచ్చేసినవాడు. తెలుగులో తడబడతాడు, నేను కోపంగా ఉన్నప్పుడు మరీను. "పెళ్లయ్యాక చెబుదామనుకున్నా, పర్సీ. ముందే చెప్తే నువ్వు నో అంటావు."

"అంటే చెప్పలేదు కాబట్టే ఎస్ అన్నాను."

అలా ట్విస్ట్ చేయొద్దన్నాడు. నా ఉద్యోగం సంగతి అడిగాను. నా వీసా ఈ ఆఫీసుకి కట్టేసి ఉంది. ఇది వదిలేస్తే, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. జూన్‌లో డేటా తెరిచేటప్పుడు ఆ గదిలో నేను ఉండను. అతను నా చెయ్యి పట్టుకుని చాలా ప్రేమగా చెప్పాడు, కొన్నాళ్లు రెస్ట్ తీసుకోమని, వింటర్ అంతా స్కీయింగ్ చేసుకోవచ్చని. "అందుకే కదా అవి కొన్నది. నీకోసమే."

నీకోసమే అన్నప్పుడు అతని గొంతులో అబద్ధం లేదు. అదే నాకు ఇంకా భయంగా ఉంది.

జనవరి 29

చెడ్డవాడు కాదు.

జనవరి 30

నర్సాపురం నుంచి అమ్మ ఫోన్. శుభలేఖలు పంచేశారట, మేనత్తలకి బట్టలు పెట్టేశారట. అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "యూటా అయితే ఏంటమ్మాయ్, అదీ అమెరికానేగా" అంది. తర్వాత కాసేపటికి, నాన్న వినకుండా కాబోలు గొంతు తగ్గించి: "చెప్పకపోవడం తప్పే. మీ నాన్న నాకు ఏం చెప్పారని?"

ఏం చెప్పారో అడగాలనిపించింది. అడగలేదు.

యూటాలో కూడా దువ్విన వాలులు ఉంటాయి. ఎంత పొడుగువైనా ఉంటాయట. గాజులా ఉండదట అక్కడి మంచు, పిండిలా ఉంటుందట. మందుల కంపెనీలు అక్కడా ఉంటాయి. రెండేళ్లు పోతే మళ్లీ ఉద్యోగం చూసుకోవచ్చు. ఇంకో ట్రయల్ దొరుకుతుంది. నూట ఆరు కూడా అలవాటవుతుంది. మనిషికి ఏదైనా అలవాటవుతుంది.

పైన రాసింది మళ్లీ చదివాను. ఎవరికి చెబుతున్నాను ఇదంతా?

ఫిబ్రవరి 1, శనివారం

షాలేంకి ఫోన్ చేశాను. పెళ్లి వద్దనలేదు నేను. అలా అననందుకు ఇప్పుడు నామీద నాకే చిరాకు. వాయిదా వేద్దామన్నాను. జూన్ దాటనివ్వు, నా పని పూర్తి చేయనివ్వు, తర్వాత యూటా సంగతి ఇద్దరం కలిసి తేల్చుకుందాం అన్నాను. రేపు మూడోసారి చదవొద్దని అయ్యగారికి నువ్వే చెప్పు, లేకపోతే నేను చెబుతానన్నాను.

హాల్ బుక్ అయిపోయింది, వాళ్ల నాన్నకి బీపీ, జార్జియా నుంచి జనం టికెట్లు కొనుక్కున్నారు. ఒక్కొక్కటే చెప్పాడు. అన్నీ నిజాలే. చివర్లో, అలసిపోయినట్టు, మామూలుగా అన్నాడు:

"రేపు ఒక్కటే కదా. చదివేస్తారు. నువ్వెలాగూ చర్చిలో ఉండవు."

పెట్టేశాక కూడా ఫోన్ చాలాసేపు చెవి దగ్గరే పెట్టుకున్నాను.

అయ్యగారికి చేస్తే ఫోన్ పాస్టరమ్మగారు ఎత్తారు. ఆయన ఫిలడెల్ఫియాలో ప్రార్థన కూటాలకి వెళ్లారట, రేపు నేరుగా ఆరాధనకే వస్తారట. విషయమేంటమ్మా అని అడిగారు. ఏం లేదండి అన్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

పొద్దున్నే ఒక్కదాన్నే కొండకి పోయాను. నూట ఆరు గుమ్మం వెనకే ఉన్నాయి, రిబ్బన్ విప్పలేదు. అక్కడ సన్నటివి అద్దెకి తీసుకున్నాను. ఆ అంచుల్ని ఎవరో నిన్ననే సానబెట్టినట్టున్నారు. రాత్రి గడ్డకట్టింది, వాలంతా మెరుస్తోంది. చాలామంది లిఫ్ట్ దగ్గరే ఆగి చూస్తున్నారు. నేను దిగాను. కాలికి ఏం చేయాలో తెలుస్తోంది. తొందరపడితే జారుతుంది, భయపడి వెనక్కి వాలితే ఇంకా జారుతుంది. ముందుకి ఒరిగి, అంచు మీద బరువు పెట్టి, ఆగాలి. అంచు పట్టుకుంటుంది.

లిఫ్ట్‌లో ఎక్కుతూ కింద నా గీతలు చూసుకున్నాను. తెగకుండా ఉన్నాయి.

మా తెలుగు ఆరాధన మధ్యాహ్నం. పొద్దున అదే చర్చిలో అమెరికన్ల ఆరాధన, వాళ్లు వెళ్లాక మేం. కొండ మీంచి తిన్నగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చేశాను. బట్టలు మార్చుకోలేదు. స్కీ ప్యాంటు నడుస్తుంటే సరసరమంటుంది. వెనక తలుపు తీసుకుని వెళ్లి చివరి వరసలో కూర్చునేసరికి సగం తలలు తిరిగాయి.

దీనమ్మ ఆంటీ ఆడవాళ్ల వైపు రెండో వరసలో ఉన్నారు. నన్ను చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. మర్చిపోయి వచ్చాననుకున్నారు పాపం. పిల్లల గదిలోకి పొమ్మని సైగ చేశారు. తల అడ్డంగా ఊపాను. మళ్లీ సైగ. మళ్లీ ఊపాను.

షాలేం రాలేదు. నియమం పాటించాడు.

అయ్యగారు కాగితం తీశారు. చదివేటప్పుడు ఆయన భాష మారిపోతుంది. "నర్సాపురం వాస్తవ్యురాలగు పర్సిస్‌కును, కమ్మింగ్ వాస్తవ్యుడగు షాలేం రాజుకును వివాహము నిశ్చయింపబడినది. ఇది మూడవ ప్రకటన. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను."

అని, ఎప్పటిలాగే జవాబు కోసం ఆగకుండా కాగితం మడవబోయారు.

లేచాను. ప్యాంటు చప్పుడు చేసింది.

"నాకుందండీ అయ్యగారూ."

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. మైకు ఆపాలని తోచలేదు ఆయనకి. "పెళ్లికూతురివి నువ్వే కదమ్మా" అన్నారు, అందరికీ వినబడేలా.

"అవునండి. నాకు చెప్పాల్సినవి చెప్పకుండా నిశ్చయం చేశారు. ఈ పెళ్లికి నేను ఒప్పుకోవడం లేదు."

ఇంకా ఏదో అనాలనుకున్నాను. కారులో దారంతా అనుకుంటూ వచ్చినవి చాలా ఉన్నాయి. ఏవీ రాలేదు.  అయ్యగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. పాట పాడమన్నారు. హార్మోనియం వాయించే అబ్బాయి ఏ పాటో తోచక నావైపే చూస్తున్నాడు.

బయట వరండాలో దీనమ్మ ఆంటీ నన్ను పట్టుకున్నారు. కొడతారేమో అనుకున్నాను. మొహమంతా ఎర్రగా ఉంది.

"పరువు తీశావు కదే" అన్నారు. అయినా ఆవిడ వెళ్లిపోలేదు. కొంగు వేళ్లకి చుట్టుకుంటూ నిలబడ్డారు.

"నీకు తెలీదని నాకు తెలుసమ్మాయ్. నీకు చెప్పొద్దన్నాడు వాడు. పెళ్లయ్యాక తనే చెప్పుకుంటానన్నాడు, సరే అన్నాను. దేవుడికి చెప్పొద్దని అనలేదుగా." కొంగు వదిలేశారు. "ఆ రోజు ఆ మాట నేను అనుకుని అన్నది కాదు. ఎవరు అనిపించారో మరి."

లోపల పాట మొదలైంది. కళ్లు తుడుచుకుని, నన్ను తోసుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

ఫిబ్రవరి 4

అమ్మ మాట్లాడటం లేదు. నాన్న మాట్లాడారు, అది ఇంకా కష్టం. షాలేం మెసేజ్: అందరి ముందూ అలా చేయకుండా ఉండాల్సింది. శనివారం నేనేం చెప్పానో మళ్లీ రాసి పంపుదామనుకుని, మానేశాను. ఉంగరం రేణుతో పంపించాను.

ఐసెలిన్ షాపుల్లో అప్పుడే కథ తిరుగుతోందట. "స్కీలు నచ్చలేదని పెళ్లి ఆపేసిందంట" అని కూరగాయల దగ్గర ఎవరో అనుకుంటుంటే రేణు విని వచ్చింది. నువ్వేమన్నావే అంటే, "అవును, నడుము పెద్దగున్నదట అని చెప్పి వచ్చిన" అంది. వారం తర్వాత మొదటిసారి నవ్వాను. నవ్వు ఎక్కడ ఆగాలో తెలియక ఏడుపయింది.

ఫిబ్రవరి 6

అతను మంచివాడే కదా అని రాత్రి మళ్లీ అనిపించింది. రాసి పెడుతున్నాను, రేపు చదువుకోవడానికి.

ఫిబ్రవరి 8, శనివారం

నూట ఆరు షాలేం ఇంటి గుమ్మంలో పెట్టి వచ్చాను. అవి నా ఎత్తుకి కొన్నవి, అతనికి పనికిరావు. అయినా నా ఇంట్లో ఉండకూడదు.

అక్కణ్ణుంచి షాపుకి. నీలం జుట్టమ్మాయి ఇప్పుడు ఆకుపచ్చ జుట్టుతో ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. ఎక్కువగా ఎలాంటి చోట చేస్తావని అదే ప్రశ్న. దువ్విన వాలు మీద, గట్టి మంచు మీద, ఇక్కడే చుట్టుపక్కల కొండల్లో, అన్నాను. గొంతు కొంచెం గట్టిగా వచ్చినట్టుంది, పక్కనున్నాయన తిరిగి చూశాడు.

డెబ్బై నాలుగు. ఇప్పుడు మంచం పక్కన గోడకి ఆనించి ఉన్నాయి. మైనం వాసన వేస్తున్నాయి.

ఫిబ్రవరి 15, శనివారం

దీనమ్మ ఆంటీ ఫోన్ చేశారు. ఎత్తాలా వద్దా అనుకుంటూనే ఎత్తాను. పలకరింపు లేదు. "కొత్తవి కొన్నావంటగా. ప్రార్థన చేయించకుండా మంచులోకి దిగకు."

వచ్చే శనివారం పెళ్లి ఉండాల్సింది. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

తీసుకెళ్లాను. ఈసారి హాల్లో ఎవరూ లేరు, పకోడీ వాసన లేదు. స్కీలు అదే టీపాయ్ మీద పెట్టాం. ఇవి సన్నటివి, బైబిల్ పక్కన ఇంకా చోటు మిగిలింది. ఆంటీ ఒక చెయ్యి వాటి మీద వేశారు. రెండో చెయ్యి నా తల మీద వేయడానికి కొంచెం ఆలోచించారు. వేశారు.

ప్రార్థన చాలా పొట్టిగా ముగించారు. ఏ ఊరి పేరూ చెప్పలేదు, ఎవరి ఉద్యోగం సంగతీ చెప్పలేదు. ఈ బిడ్డకి ఏం కావాలో అది నీకూ దానికీ తెలుసు, మాకు తెలియదు, అన్నారు. అంతే.

ఆమెన్ అనేముందు ఆగాను. ఆవిడ చెప్పిందంతా విన్నానో లేదో ఒకసారి మనసులో చూసుకున్నాను. ఆంటీ కళ్లు మూసుకునే ఉన్నారు, ఎదురుచూస్తున్నారు.

అప్పుడన్నాను.